కొర్రబయలు దారిలో ఇంటిబండి



మాది ఎస్. రాయవరం. పూర్తి పేరు సర్వసిద్ధి రాయవరం. 1862 సెప్టెంబరు 21న గురజాడ అప్పారావుగారు మేనమామగారింట పుట్టింది ఈ ఊళ్ళోనే. నేను ఇక్కడి పిల్లలకి చాలా ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. మా డాబా ఎక్కి తూర్పుకి తిరిగితే ఉప్పుగాలి తగులుతుంది. పడమరకి తిరిగితే కొండలు. వానాకాలమంతా అవి ఉన్నాయో లేవో తెలీదు. ఆశ్వయుజం వచ్చి, వానలు గాలిలో దుమ్మంతా కడిగేశాక, ఒకరోజు పొద్దున్నే బట్టలు ఆరేయడానికి మేడెక్కుతామా, ఎదురుగా నీలంగా, మడతలు మడతలుగా, నిన్నే తెచ్చి నిలబెట్టినట్టు కనిపిస్తాయి. మా అమ్మ వాటిని చూపించి "మన్యం తలుపు తీసింది" అనేది. మాకు శరత్తు వచ్చిందని తెలిసేది అలాగే.

ఇన్నేళ్ళు ఆ కొండల్ని చూస్తూ బట్టలు ఆరేశాను గాని, వాటిలోకి వెళ్ళి నాలుగు రాత్రులు ఉన్నది కిందటి కార్తీకంలోనే. ఆ ప్రయాణం గురించే ఈ పూట మీతో మాట్లాడాలనుకుంటున్నాను.

అసలు ఆ ఆలోచన పుట్టింది ఇక్కడ కాదు, అమెరికాలో. మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు, వాళ్ళు ఒక ఆర్.వి. అద్దెకి తీసుకుని మమ్మల్ని కొలరాడో రాష్ట్రంలో రాకీ పర్వతాలకి తీసుకెళ్ళారు. ఆర్.వి. అంటే చక్రాలమీద ఇల్లు. పడకలు, పొయ్యి, నీళ్ళ ట్యాంకు, బాత్రూము, అన్నీ అందులోనే. అది సెప్టెంబరు ఆఖరు. అక్కడ ఆస్పెన్ అని ఒక చెట్టుంది. సన్నగా, తెల్లటి బెరడుతో ఉంటుంది. ఆ రోజుల్లో దాని ఆకంతా పసుపుపచ్చగా మారిపోతుంది. చిన్న గాలి వీచినా చెట్టంతా గలగలమంటుంది. రాకీ మౌంటెన్ నేషనల్ పార్కును 1915లో ఏర్పాటు చేశారు. అందులో ట్రెయిల్ రిడ్జ్ రోడ్డు 12,183 అడుగుల ఎత్తుకి ఎక్కుతుంది. చెట్లు మొలవడం మానేసే ఎత్తు దాటి ఇంకా పైకి పోతుంది. ఆ రోడ్డు వేసింది 1930 ప్రాంతాల్లో. అంతకు ముందు వందల ఏళ్ళుగా యూట్, అరపాహో అనే ఆదివాసులు కొండ దాటడానికి నడిచిన కాలిబాట అక్కడే ఉండేది. అరపాహోలు ఆ బాటని వాళ్ళ భాషలో 'పిల్లలు నడిచిన దారి' అనేవారట. అక్కడ ఏటవాలు ఎంత ఎక్కువంటే, గుర్రాల మీదున్న పిల్లల్ని కూడా దించేసి నడిపించాల్సి వచ్చేదట. ఆ మాట చదివాక బండి అద్దంలోంచి ఆ కొండని నేను చూసిన చూపు మారింది. ఇది ఎవరి దారి, ఎవరు నడిచారు అన్నది మనసులో పడిపోయింది.

ఇంటికొచ్చి మా తమ్ముడితో చెబితే, "అప్పా, మన కొండలు మనకి కనపడుతూనే ఉన్నాయి కదా, అంత దూరం ఎందుకు" అన్నాడు. నిజమే.

ఇంటిని బండిలో పెట్టుకుని తిరగడం మనకి కొత్త కాదు కూడా. మా చిన్నప్పుడు తీర్థాలకి గూడుబండి కట్టేవారు. కింద గడ్డి, గడ్డిమీద బొంత, వెనక వంట సామాను, ఇరుసు కింద వేలాడే లాంతరు. ఇంకా వెనక్కి వెళితే ఏనుగుల వీరాస్వామయ్యగారు ఉన్నారు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మే 18న బయల్దేరి కాశీకి వెళ్ళి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారు. డేరాలు, వంటవాళ్ళు, బోయీలు, మొత్తం ఒక సంసారమే ఆయనతో కదిలింది. తిరుగు ప్రయాణంలో మన ఉత్తరాంధ్ర తీరం మీదుగానే వచ్చారు. ఏ ఊళ్ళో నీళ్ళు బాగుంటాయి, ఎక్కడ దిగడానికి నీడ ఉంది, ఏం దొరుకుతుంది అని ఆయన రాసుకున్నది చదివితే, ప్రయాణమంటే చేరడం కాదు, దారిలో బతకడం అని అర్థమవుతుంది. ఇక కార్తీక వనభోజనాలు ఎటూ ఉన్నాయి. ఉసిరిచెట్టు కింద వండుకుని తినడం ఒక్క పూటకే ఎందుకు ఆగాలి?

మా ఇంటిబండి చాలా మామూలుది. నర్సీపట్నంలో అద్దెకి తీసుకున్న టెంపో ట్రావెలర్. యజమానిని అడిగి వెనక రెండు వరసల సీట్లు విప్పించి, పరుపులు వేశాం. అయిదు కిలోల గ్యాసు సిలిండరు, ఒంటి పొయ్యి, కుక్కరు, రెండు గిన్నెలు, ఆవకాయ జాడీ, ఇరవై లీటర్ల నీళ్ళ టిన్నులు మూడు. పొయ్యి మాత్రం బండి లోపల వెలిగించకూడదని మొదటే కట్టడి చేసుకున్నాం. వంట ఎప్పుడైనా నేలమీదే, రాళ్ళ చాటున. స్నానాలకీ మరుగుకీ ఊళ్ళలో సత్రాలూ గెస్టుహౌసులూ చూసుకోవాలి. మన దేశంలో ఇలా తిరగాలంటే, ముఖ్యంగా ఆడవాళ్ళకి, అసలు కష్టం అక్కడే ఉంది. అందుకే రాత్రి ఆగే చోటు పగలే నిర్ణయించుకున్నాం. అడవిలో ఎక్కడంటే అక్కడ ఆపలేదు. ఊరి పెద్దని అడిగి, ఆయన చూపించిన చోటే ఆపాం. మనుషులం ఆరుగురం. నేను, మా వారు, తమ్ముడు, మరదలు, తమ్ముడి మనవరాలు, ఆ పిల్లకి తొమ్మిదేళ్ళు, బండి నడిపే కుర్రాడు.

కార్తీకంలో ఒక సోమవారం, దీపం పెట్టుకుని బయల్దేరాం. అడ్డరోడ్డు దగ్గర హైవే వదిలి, కోటవురట్ల మీదుగా నర్సీపట్నం. దారి పొడుగునా వరిచేలు పండుబారి ఉన్నాయి. చెరకు వెన్నులు తీసింది. నర్సీపట్నం దాటి బలిఘట్టం దగ్గర వరాహనదిలో కాళ్ళు కడుక్కున్నాం. అక్కడ నది ఉత్తరానికి తిరిగి పారుతుంది కాబట్టి కార్తీకంలో జనం బాగా వస్తారు. ఇదే వరాహ కిందికి పారి మా పక్కన ఏటికొప్పాక ఒడ్డున, లక్కబొమ్మలు చేసే వాళ్ళ ఇళ్ళ పక్కనుంచి, సముద్రానికి పోతుంది. మా ఇంటి నీళ్ళ పుట్టింటికి మేం దగ్గరవుతున్నామన్నమాట.

డౌనూరు దాటాక ఘాట్ మొదలవుతుంది. నర్సీపట్నం నుంచి లంబసింగికి దూరం సుమారు ముప్ఫై కిలోమీటర్లే. కానీ ఆ ముప్ఫైలో బండి కొండకొమ్ము ఎక్కేస్తుంది. బరువు ఎక్కువై ఇంజిను వేడెక్కింది. ఒక మలుపులో రేడియేటరు ఆవిరి కక్కడం మొదలెట్టింది. కుర్రాడు బండిని కొండవైపు చేర్చి, చక్రాల కింద రాళ్ళు పెట్టి, "ఎవరూ మూత ముట్టుకోకండి, అరగంట ఆగుదాం" అన్నాడు. వేడిమీద మూత తీస్తే మరిగే నీళ్ళు మొహాన కొడతాయి. తడిగుడ్డ కప్పి కూర్చున్నాం.

ఆ అరగంటే మా ప్రయాణానికి ప్రాణం.

ఆ మలుపులో ఒక ముసలాయన సీతాఫలాలు బుట్టలో పెట్టుకుని కూర్చున్నాడు. కళ్ళు విచ్చిన పళ్ళు. బుట్ట అడుగున అడ్డాకులు పరిచాడు. మాటల్లో "ఈ దారి ఎంత బాగుందో తాతా" అన్నది మా పిల్ల. ఆయన నవ్వలేదు. "మా తాత రాళ్ళు మోసేడమ్మా ఈ దారికి. కూలి అడిగితే కొట్టేరంట" అన్నాడు. అంతే. మళ్ళీ పళ్ళు సర్దుకోవడంలో పడ్డాడు.

నేను పాఠం చెప్పేదాన్ని కదా, ఆ మాట వెనక ఉన్నది నాకు తెలుసు. తెలిసీ, ఆ దారిమీద కూర్చుని, ఒక మనిషి నోట వినేదాకా అది నాకు అంటలేదు.

1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అప్పట్నుంచి పోడు కొట్టుకోవడం నేరమైంది. అడవిలోంచి కట్టెపుల్ల తెచ్చుకోవడానికి కూడా దయ కావాల్సి వచ్చింది. అది చాలదన్నట్టు 1920ల మొదట్లో గూడెం డిప్యూటీ తహసీల్దారుగా ఉన్న బాస్టియన్, నర్సీపట్నం నుంచి కొండలమీదికి వేసే రోడ్ల పనికి మన్యం మనుషుల్ని బలవంతాన పట్టించాడు. ఇవ్వాల్సిన కూలి ఇవ్వలేదు. ఎదురడిగిన వాళ్ళని వేధించాడు. బట్టిపనుకుల మునసబు గాం గంటందొర, ఆయన తమ్ముడు మల్లుదొర, ఇలా దెబ్బతిన్నవాళ్ళే అల్లూరి సీతారామరాజుగారి వెంట నిలబడ్డారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు ఠాణాల తుపాకులు పోయాయి. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఇంగ్లీషు అధికారులు చనిపోయారు. వాళ్ళ సమాధులు నర్సీపట్నంలో ఉన్నాయి. 1924 మే 7న రాజుగారిని కొయ్యూరు దగ్గర కాల్చి చంపారు. కృష్ణదేవిపేటలో ఆయన సమాధి ఉంది.

మనం ఆయన గురించి విల్లు, బాణం, వేషం, పాటలు, సినిమాలు చాలా చెప్పుకుంటాం. ఆ తిరుగుబాటుకి నిప్పు పెట్టిన వాటిలో ఒకటి రోడ్డు కూలి అన్నది మాత్రం మర్చిపోతాం. మనం ఇవాళ మంచు చూడడానికి కార్లలో గంటలో ఎక్కేసే కొండదారులకి మొదట రాయి పరిచినవాళ్ళ కూలి బాకీ అది. నాకు చాలా బాధేసింది. ఆ పళ్ళు బేరం ఆడకుండా కొన్నాం. దానితో ఏమీ తీరదని తెలుసు.

పిల్ల అడిగింది, "అమ్మమ్మా, ఆ డబ్బులు తర్వాతయినా ఇచ్చారా?" అని. నేను జవాబు చెప్పలేకపోయాను.

లంబసింగి చేరేసరికి పొద్దు వాలింది. సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు. దీనికే కొర్రబయలు అని ఇంకో పేరు. బయట పడుకున్న మనిషి తెల్లారేసరికి కొర్రులా, అంటే కొయ్యలా బిగుసుకుపోతాడని ఆ పేరు వచ్చిందని చెబుతారు. మేం ఊరివాళ్ళని అడిగి ఒక బడి దగ్గర బండి ఆపుకున్నాం. చోడి అంబలి కాచి, అందులో ఉల్లిపాయ కొరుక్కుని తాగాం. అడ్డాకుల్లో అన్నం, ఆవకాయ. రాత్రి తొమ్మిదికి చేతులు కొంకర్లు పోయాయి. బండి అద్దాలకి లోపలివైపు చెమ్మ పట్టింది. ఆరుగురి ఊపిరి, నాలుగు రగ్గులు. మా వారు రాత్రంతా మంకీ క్యాప్ తీయలేదు.

తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి చెరువులవేనం కొండ ఎక్కాం. కింద లోయ లేదు. ఉన్నదల్లా పాలు పొంగి గడ్డకట్టినట్టు తెల్లటి మబ్బు. అందులోంచి కొండశిఖరాలు దీవుల్లా తలలు పైకెత్తాయి. దీన్ని మంచు అంటాం గాని, పడేది హిమం కాదు. రాత్రి ఆకాశం నిర్మలంగా ఉంటే నేల తన వేడినంతా వదిలేస్తుంది. చల్లబడిన గాలి బరువెక్కి, నీళ్ళు పల్లానికి జారినట్టు, కొండవాలు వెంట జారి లోయలో చేరుతుంది. వానాకాలం తాగిన తడి అడవిలో ఇంకా ఉంటుంది కదా, ఆ చెమ్మ అక్కడ పొగమంచై నిలబడుతుంది. పైన గాలి వెచ్చగా ఉండి కింద చల్లగా ఉండడం వల్ల మూతపెట్టినట్టు పైకి లేవలేదు. ఎండ తగిలాక ఒక్కో దారం విప్పుకుంటూ కరుగుతుంది. అందుకే ఇది శరత్తులో మొదలై చలికాలం చివరిదాకా ఉంటుంది. వానాకాలంలో మబ్బు ఉంటుంది గాని ఈ నిశ్చలం ఉండదు.

ఆ నిశ్చలాన్ని వినాలని వెళ్ళాను. కొండమీద అప్పటికే వందమంది ఉన్నారు. ఒకరి చేతిలో స్పీకరు, సినిమా పాట. కాళ్ళ కింద ప్లాస్టిక్ గ్లాసులు, చిప్స్ పొట్లాలు. ఈ మాట కోపంతోనే చెబుతున్నాను. ఆ కొండ కింద ఊరుంది. ఆ ఊళ్ళో పసిపిల్లలు నిద్రపోతుంటారు, పశువులు ఆ గడ్డే మేస్తాయి. కొలరాడోలో మా అల్లుడు ఆర్.వి. వాడిన నీళ్ళని కూడా దారిలో వదలకుండా, దానికోసం కట్టిన చోటికి తీసుకెళ్ళి గొట్టంతో దింపేవాడు. ఇక్కడ అలాంటి చోటు లేదు, ఒప్పుకుంటాను. అయితే మేం అయిదు రోజుల చెత్త రెండు గోనెసంచుల్లో మళ్ళీ ఇంటికే తెచ్చాం. అది పెద్ద బరువేమీ కాలేదు.

దిగి వస్తుంటే ఎండ వచ్చింది. అప్పుడు కనిపించాయి వలిసె చేలు. ఆస్పెన్ ఆకుల పసుపు చూసి మురిసిపోయినదాన్ని, ఆ పక్కన ఇది పెట్టి చూస్తే ఏది ఎక్కువో చెప్పలేను. అక్కడ పసుపు చెట్టుమీద, ఇక్కడ నేలమీద. వాలు వాలంతా పసుపు పారబోసినట్టు, మోకాలెత్తున, తేనెటీగల రొదతో. ఈ పూలు అలంకారానికి కావు. వలిసె గింజ నల్లగా, సన్నగా ఉంటుంది. దాన్ని గానుగాడితే నూనె వస్తుంది. వానలు తగ్గుముఖం పట్టే వేళకి చల్లితే, ఉన్న తడిమీదే కార్తీకానికి పూస్తుంది. ఫొటోలకోసం చేలో దిగి తొక్కేవాళ్ళని చూస్తే, ఎవరో మన వంటింట్లోకి వచ్చి నూనె ఒలకబోసినట్టనిపించింది.

చింతపల్లి వైపు దారంతా కాఫీ. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ మొక్కలు, ఆ చెట్లకే పాకిన మిరియం తీగలు. 1960లలో అటవీశాఖ ఈ ప్రాంతంలో కాఫీ వేసింది. తర్వాత పాడేరులోని గిరిజనాభివృద్ధి సంస్థ, ఐ.టి.డి.ఎ. ద్వారా గిరిజన కుటుంబాలు సొంతంగా వేసుకున్నాయి. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను కొట్టినప్పుడు ఈ నీడచెట్లు వేలకి వేలు కూలి, కింద ఉన్న కాఫీని పడగొట్టాయి. అక్టోబరు, నవంబరుల్లో కొండకి బయల్దేరేవాళ్ళు వాతావరణం వార్తలు విని గాని బయల్దేరకూడదని అందుకే చెబుతున్నాను. తుపాను సముద్రంలో పుట్టినా, రాళ్ళు జారేది ఘాట్ మీదే.

ఒక తోటలో కాయ కోస్తున్న ఆవిడ "రండి టీచరమ్మా" అని పిలిచింది. మా తమ్ముడు చెప్పేశాడు నేను టీచర్నని. నడుముకి కట్టిన గుడ్డసంచీ, రెండు చేతులూ పనిలో. కొమ్మని లాగకుండా, పండిన పండుని మాత్రం వేలితో మెలిపెట్టి తీస్తోంది. పచ్చికాయ తగిలితే వదిలేస్తోంది. ఒకే గుత్తిలో పది కాయలుంటే ఆరే పండుతాయి. మిగిలిన నాలుగింటికోసం మళ్ళీ రావాలి. అలా ఒక్కో మొక్క దగ్గరికి మూడు నాలుగు సార్లు. పండు ఒకటి నా చేతిలో పెట్టి "నొక్కండి" అంది. నొక్కితే తోలు చీలి, జిగురుగా, తియ్యటి రసంతో రెండు గింజలు జారాయి. చదునైన వైపులు ఒకదానికొకటి ఆనించుకుని, కవలపిల్లల్లా. నోట్లో వేసుకుంటే కాఫీ రుచే లేదు, చెరకు రసం లీలగా తగిలింది. అరవై ఏళ్ళుగా రోజుకి రెండుసార్లు కాఫీ తాగుతున్నాను, కాఫీ పండు తియ్యగా ఉంటుందని ఆ రోజు తెలిసింది.

గూడెం కొత్తవీధి నుంచి సీలేరు, డొంకరాయి, మోతుగూడెం. అది ఒక రోజంతా అడవే. సీలేరు నదికి అవతలి ఒడ్డు ఒడిశా. ఎగువ సీలేరులో 240 మెగావాట్లు, దిగువ సీలేరులో 460 మెగావాట్లు కరెంటు తీసే స్టేషన్లు ఉన్నాయి. లోయ మీదుగా తీగలు గుమ్మడి తీగల్లా సాగి పోతుంటాయి. లక్కవరం జంక్షన్ దగ్గర మళ్ళీ పెద్ద రోడ్డు ఎక్కి, మారేడుమిల్లి ఘాట్ పట్టాం. దిగేటప్పుడు మా కుర్రాడు ఒక సూత్రం చెప్పాడు. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలట. బ్రేకు తొక్కుతూ దిగితే డ్రమ్ములు కాలి, కింద మలుపులో బ్రేకు పట్టదు. సెకండు గేరులో, ఇంజిను మూలుగుతూ, మనిషి నడక కంటే కొంచెం వేగంగా దిగాం. వెనక కార్లు హారన్లు కొట్టాయి. అతను అద్దంలో కూడా చూడలేదు.

మారేడుమిల్లిలో వెదురు బొంగులో కాల్చిన కోడి పేరు మీరంతా వినే ఉంటారు. మాది కార్తీకం, మేం బొంగులో అన్నం వండించుకున్నాం. పచ్చి వెదురు వాసన మెతుకు మెతుక్కీ పట్టింది. అక్కడి నుంచి గోదావరి వైపు పరుచుకున్న అడవుల్లోనే పాపికొండల నేషనల్ పార్కు ఉంది. 1978లో అభయారణ్యంగా మొదలై, 2008లో జాతీయ ఉద్యానం అయింది. వెయ్యి చదరపు కిలోమీటర్ల పైచిలుకు. పులి, అడవిదున్న ఉన్న అడవి. అది కొండరెడ్ల ఇల్లు కూడా. జాతీయ ఉద్యానం అనగానే చట్టం కట్టుదిట్టమవుతుంది. మేత, సేకరణ, అన్నిటికీ హద్దులు. పులికి అది మేలు, నేను కాదనను. కానీ హద్దురాయి పాతేటప్పుడు, లోపల ఉన్నవాళ్ళని అడిగి పాతామా అన్నది ఆ ముసలాయన మాట విన్నాక నన్ను వదలడం లేదు. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. అది కొండరెడ్డి గడపదాకా పూర్తిగా చేరాలి. మనం ఆ అడవిని చూసి వచ్చి ఎంత బాగుందో అని చెప్పేటప్పుడు, ఆ వాక్యంలో వాళ్ళు కూడా ఉండాలి.

రంపచోడవరం, గోకవరం మీదుగా హైవే ఎక్కి, అన్నవరంలో సత్యనారాయణస్వామిని దర్శించుకుని, తుని, పాయకరావుపేట, నక్కపల్లి దాటి, అయిదో రోజు దీపాలవేళకి అడ్డరోడ్డులో దిగాం. బండి ఒంటినిండా ఎర్రమట్టి. సీట్లు మళ్ళీ బిగించి యజమానికి అప్పగించేటప్పుడు, పరుపు మడతలోంచి రెండు ఎండిన వలిసె పూలు రాలాయి.

వచ్చే కార్తీకానికి అదే బండి, అదే కుర్రాడిని ఇప్పుడే మాట్లాడుకున్నాం. ఈసారి ఎనిమిది రోజులు. లంబసింగి ఘాట్ ఒక్కదానికే ఒక పూట కేటాయించాం. బండి సామానుతో ముందు వెళ్ళి ఆ ముసలాయన కూర్చునే మలుపులో ఆగుతుంది. డౌనూరు దాటాక కొంత దూరం దిగి నడుస్తానని మా తమ్ముడి మనవరాలు పేరు ఇచ్చేసింది. మోకాళ్ళు సహకరిస్తే నేనూ ఆ పిల్ల వెనకే నడుస్తాను.